జాజ్-ఫంక్ ఆల్బమ్ మొదటిసారి వినడానికి ఏది మేలు: హెడ్‌ఫోన్సా, స్పీకరా?

పేరు కూడా కొత్తగా ఉన్న ఒక జాజ్-ఫంక్ (జాజ్‌కి, ఒంటిని ఊపే ఫంక్ తాళం కలిపిన సంగీతం) ఆల్బమ్ చేతికొచ్చింది. బాగుంటుందని ఎవరో చెప్పారు, అంతకు మించి ఏమీ తెలియదు. మొదటిసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలా, గదిలో స్పీకర్ మీద వినాలా? నా ఓటు స్పీకర్‌కే. మామూలు జాజ్ విషయంలో అయితే ఇంత గట్టిగా చెప్పను. పియానో, బాస్, డ్రమ్స్ మాత్రమే ఉండే మెత్తటి జాజ్‌కి హెడ్‌ఫోన్స్ చాలా బాగా కుదురుతాయి. జాజ్-ఫంక్ సంగతి వేరు.

ఈ సంగీతానికి బలమంతా కింది స్వరాల్లో ఉంటుంది. బాస్, డ్రమ్స్ కలిసి ఒక గ్రూవ్, అంటే తిరిగి తిరిగి వచ్చే ఒక ఊపు, పట్టుకుంటాయి. శాక్సఫోన్ అయినా కీబోర్డ్ అయినా దాని మీద నడవాల్సిందే. నాలుగు తీగల బాస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ మోగేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర. అంత మంద్రమైన శబ్దాన్ని చెవితో వినడం ఒక ఎత్తు, ఛాతీకి, పాదాలకు తగలడం ఇంకో ఎత్తు. మంచి హెడ్‌ఫోన్స్ దాన్ని చెవి దాకా తెస్తాయి, ఒంటికి మాత్రం తగలనివ్వలేవు. ఇక ఫోన్‌కి ఉండే చిన్న స్పీకర్‌ని ఈ పోటీలోంచి తీసేయొచ్చు. అసలు కింది శబ్దం అందులోంచి బయటికే రాదు. పైన మోగే కీబోర్డులు, హై-హ్యాట్ (డ్రమ్స్‌లో ఉండే జంట తాళాలు) విని 'ఇందులో ఏముంది' అనుకోవడం ఆల్బమ్‌కి అన్యాయం చేయడమే.

ఉదాహరణకి అమెరికన్ జాజ్ పియానిస్ట్ హెర్బీ హాన్‌కాక్ 1973లో తెచ్చిన 'హెడ్ హంటర్స్' తీసుకుందాం. ఈ దారిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి చాలామంది మొదట చెప్పే ఆల్బమ్ ఇదే. మొదటి ట్రాక్ 'కమీలియన్' పదిహేను నిమిషాల పైనే ఉంటుంది. బాస్ వరస ఒక్కటే ముందు మొదలవుతుంది. అది బాస్ గిటార్ కాదు, ఏఆర్‌పీ ఒడిస్సీ సింథసైజర్ (ఎలక్ట్రానిక్‌గా శబ్దాలు పుట్టించే కీబోర్డు) మీద హాన్‌కాక్ స్వయంగా వాయించినది. తర్వాత డ్రమ్స్ వస్తాయి. ఆ పైన గిటార్‌లాంటి ఒక చిన్న గిల్లుడు వినిపిస్తుంది. నిజానికి ఆల్బమ్‌లో గిటార్ వాయించినవాళ్లెవరూ లేరు, పాల్ జాక్సన్ తన బాస్ మీద పై స్థాయిలో వాయిస్తున్నది అది. అసలు మెలడీ ఒక నిమిషం దాటాక గానీ రాదు.

ఆ ఒక్క నిమిషంలోనే తేడా తెలుస్తుంది. పల్లవి కోసం ఎదురుచూడటానికి అలవాటుపడిన చెవికి, హెడ్‌ఫోన్స్‌లో ఆ నిమిషం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. 'ఇంకా పాట మొదలవలేదేంటి' అని చెయ్యి స్కిప్ బటన్ మీదకి పోతుంది. అదే స్పీకర్ మీద అయితే కాలు ఈపాటికే తాళం వేస్తూ ఉంటుంది. పాట మొదలైపోయిందని ఒంటికి తెలిసిపోయింది కాబట్టి, మెలడీ ఎప్పుడొచ్చినా ఫర్వాలేదు. ట్రాక్ మధ్యలో గ్రూవ్ మొత్తం మారిపోయి, ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో సోలో మొదలవుతుంది. తర్వాత పాత బాస్ వరస తిరిగొచ్చినప్పుడు కలిగే ఆనందం, దానితో పాటు ముందే ఊగినవాళ్లకే పూర్తిగా దక్కుతుంది.

అలాగని హెడ్‌ఫోన్స్‌ని తక్కువ చేయలేం. రెండో ట్రాక్ 'వాటర్‌మెలన్ మాన్' ఆరంభం వాటిలో వింటేనే అందం. మధ్య ఆఫ్రికాలోని పిగ్మీల సంగీతంలో, ఒకే స్వరం పలికే చిన్న పిల్లనగ్రోవిని ఊదుతూ, ఊదుకీ ఊదుకీ మధ్య గొంతుతో స్వరాలు అందుకునే పద్ధతి ఒకటుంది. ఈ ఆల్బమ్‌లో తాళవాద్యాలు వాయించిన బిల్ సమ్మర్స్ దాన్ని ఒక బీరు సీసాతో చేసి చూపించాడు. హెడ్‌ఫోన్స్‌లో ఊపిరి ఎక్కడ ఆగుతుందో, గొంతు ఎక్కడ అందుకుంటుందో విడివిడిగా తెలుస్తాయి. గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే ఇందులో సగం పోతుంది. క్లావినెట్ (తీగలుండే ఒక ఎలక్ట్రిక్ కీబోర్డు) తీగల కరుకుదనం, డ్రమ్మర్ హార్వీ మేసన్ స్నేర్ డ్రమ్ మీద మెల్లగా వేసే దెబ్బలు కూడా అంతే. అందుకే రెండోసారి హెడ్‌ఫోన్స్‌లో వినమంటాను. గ్రూవ్ ఒంట్లోకి ఎక్కాక ఈ వివరాలన్నీ దేని మీద నిలబడ్డాయో తెలుస్తుంది. ముందే వివరాల వెంట పడితే, అద్భుతమైన ముక్కలు చాలా దొరుకుతాయి కానీ పాట దొరకదు.

మొత్తం ఒకేసారి వినాలా, ఆపి ఆపి వినాలా అన్నది ఇంకో ప్రశ్న. ఆనాటి ఆల్బమ్‌లు ఎల్పీ రికార్డు కోసం చేసినవి. ఒక్కో వైపు ఇరవై నిమిషాలు, కాస్త అటూ ఇటూ. 'హెడ్ హంటర్స్'లో వైపుకి రెండు చొప్పున నాలుగే ట్రాకులు. మాటలు లేని సంగీతం అలవాటు లేకపోతే మూడో ట్రాక్‌కి వచ్చేసరికి శ్రద్ధ జారిపోతుంది. అప్పుడు నష్టపోయేది చివరన నెమ్మదిగా నడిచే 'వెయిన్ మెల్టర్'. దాని పాపం ఏమీ లేదు, చెవి అలసిపోయి ఉంటుంది, అంతే. ఒక వైపు ఇవాళ, రెండో వైపు రేపు వింటే హాయి. యాప్ చూపించే పాపులర్ ట్రాక్ ఒక్కటి విని ఆల్బమ్ మీద తీర్పు ఇవ్వడం, షఫుల్‌లో పెట్టడం మాత్రం వద్దే వద్దు.

పని చేసుకుంటూ వినొచ్చా? చదవడం, రాయడం లాంటి పని అయితే వద్దు. చేతులు కదిలే పని అయితే నిక్షేపంగా వినొచ్చు. బట్టలు మడతపెడుతూనో, గది సర్దుతూనో విన్నప్పుడు ఈ సంగీతం ఇంకా బాగా ఎక్కుతుంది. ఇది నిలబడి, కదులుతూ వినడానికి పుట్టిన ఫంక్‌తో చుట్టరికం ఉన్న సంగీతం.

వినే ముందు రివ్యూలు చదవకపోవడమే మంచిది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'ఆన్ ద కార్నర్' 1972లో వచ్చినప్పుడు జాజ్ విమర్శకులు చాలామంది దాన్ని ఉతికి ఆరేశారు. ఇప్పుడు అదే ఆల్బమ్‌ని నెత్తిన పెట్టుకుంటున్నారు. ఎవరి మాట ముందు చెవిలో పడినా మన చెవి మనది కాకుండా పోతుంది. ఎవరు ఏం వాయించారన్న వివరాలు మొదటి వినికిడి అయ్యాక చూసుకోవచ్చు. 'వాటర్‌మెలన్ మాన్' హాన్‌కాక్ 1962లోనే చేసిన ట్యూన్. ఆ పాతది కూడా తర్వాతే వినండి. ముందే వింటే కొత్తదాంట్లో పాత ట్యూన్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటాం.

స్పీకర్ పెట్టే వీలే లేదు, పక్కవాళ్లు నిద్రపోతున్నారు, ఉన్నవి హెడ్‌ఫోన్సే అంటే ఆల్బమ్‌ని మార్చండి. గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ 1975లో తెచ్చిన 'మిస్టర్ మ్యాజిక్' లాంటిది పెట్టుకోండి. అందులో శాక్సఫోన్ గొంతు ముందుండి మనల్ని నడిపిస్తుంది, బాస్ ఒంటికి తగలకపోయినా దారి తప్పం. 'హెడ్ హంటర్స్'ని స్పీకర్ దొరికే రోజు దాకా దాచుకోండి.