పాలమూరు నుంచి బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఒక్కరోజు కారు ట్రిప్: మా రివ్యూ

ముందుగాలనే చెప్తున్న, ఈ ట్రిప్ కి పెట్టిన పైసలు దండగ కాలే. మన మహబూబ్‌నగర్ నుంచి కారు మాట్లాడుకొని హైదరాబాద్ పోయేటోళ్లు చార్మినార్, జూపార్కు, గోల్కొండ, టైం మిగిల్తే ట్యాంక్‌బండ్ చూసుకొని వస్తరు. బంజారాహిల్స్ కి పోవుడంటే ఎవరినన్న ఆస్పత్రిల చూపించే పని ఉండాలె, లేకపోతే పెద్ద లీడర్ ఇంటి ముందు నిలబడే పని ఉండాలె. ఈ డ్రైవరన్న మాత్రం ఉత్త ఆ కొండలే చూపిస్త, పొద్దున ఎక్కించుకొని రాత్రికి ఇంటికాడ దించుత అని ప్యాకేజీ పెట్టిండు. కారు, డీజిల్, టోల్ అన్నీ కలిపి 4,500, పార్కింగ్, తిండి ఖర్చు మనదే. పేరు, నంబర్ పెట్టొద్దన్నడు కాబట్టి పెడ్తలేను, బస్టాండ్ కాడ కార్ల స్టాండ్ల అడిగితే ఎవరన్న చెప్తరు.

ఆయనది జడ్చర్ల దిక్కు ఒక పల్లె. బంజారాహిల్స్ ల ఒక ఇంట్ల శానా ఏండ్లు డ్రైవర్ గ చేసిండు, అక్కడి పాత వాచ్‌మెన్లతోటి, తోటమాలీలతోటి మాట్లాడి మాట్లాడి, దొరికిన పుస్తకాలు చదివి ఆ ఏరియా సంగతంతా జమ చేసుకున్నడు. గైడ్లు పాఠం అప్పజెప్పినట్టు చెప్పే మాట కాదు ఆయనది, మన యాసల మన ముచ్చట లెక్కనే చెప్తడు, తెల్వనిది అడిగితే తెల్వదు అనే అంటడు, నాకు ఆ గుణం మస్తు నచ్చింది.

మేం పోయింది నేను, అమ్మ, నాయిన, మా పక్కింటి లంబాడ దోస్తు, వాళ్ల అవ్వ. షాద్‌నగర్, శంషాబాద్ దాటి ఆరాంఘర్ కాడ పీవీ ఫ్లైఓవర్ ఎక్కి మెహిదీపట్నం ల దిగి, మాసబ్‌ట్యాంక్ నుంచి రోడ్ నంబర్ 1 పట్టిచ్చిండు. ఫస్టు హీరోల ఇండ్లు చూపిస్తడేమో అనుకున్నం గని ఒక సందుల బండి ఆపి ఒక బండరాయి చూపిచ్చిండు. రెండు అంతస్తుల ఎత్తుంది, చుట్టూ అపార్టుమెంట్లు. ఈ గ్రానైటు 250 కోట్ల ఏండ్ల కిందటిదంట, మన మన్యంకొండ దిక్కు కనపడే గుండ్లు గూడ ఇసొంటియే, ఒకప్పుడు ఈ కొండలన్నీ ఇట్లనే గుండు మీద గుండు ఉండేదంట. బిల్డింగుల కోసం పేల్చుకుంట పేల్చుకుంట పోతుంటే 1996ల కొంతమంది ఈ రాళ్లను కాపాడాలె అని సొసైటీ పెట్టుకున్నరు, వాళ్ల కొట్లాట వల్ల కొన్ని రాళ్లకు చార్మినార్ కి ఉన్నట్టు హెరిటేజ్ గుర్తింపు వచ్చింది. ఇయ్యాల ఆ ఏరియాల ఖాళీ జాగ కనపడ్తే అండ్ల రాయి మిగిలిందా లేదా అని మా కండ్లు ముందు దానికే పోతున్నయి, అది ఆయన పెట్టిన అలవాటు.

తర్వాత కథ అవ్వకు చెప్పినట్టే చెప్పిండు. "అవ్వా, ఈడ మొదట్ల ఉన్నది మీవోళ్లే" అన్నడు. పశువులతోటి, ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంట దేశమంత తిరిగిన బంజారాలు ఈ గుట్టలల్ల ఉంటుండె, కొండకు వాళ్ల పేరే వచ్చింది. నిజాం సర్కార్ ల పెద్ద ఆఫీసర్ గ ఉన్న నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఈ రాళ్ల గుట్ట మీద ఇల్లు కట్టుకున్నడు. అప్పట్ల ఉన్నోళ్లంతా మూసీ అవతల పాత సిటీలనో, సోమాజిగూడ దిక్కో ఉంటుంటే ఈయన ఇంత దూరమొచ్చి, గుండ్లను పగలగొట్టకుండ వాటి సందులనే గదులు పెట్టిచ్చుకొని, ఇంటికి బంజారా భవన్ అని పేరు పెట్టుకున్నడు. ఆయన్ని చూసి ఇంకొంతమంది నవాబులు, ఆఫీసర్లు వచ్చిన్రు, అట్ల మొదలైంది ఈ ఏరియా. 1933ల రవీంద్రనాథ్ ఠాగూర్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఈ కొండల మీదికి గూడ వచ్చిండంట.

మెహదీ నవాజ్ జంగ్ పేరు మనకు తెల్వదనుకుంటం గని తెలుసు. పాలమూరుల ఎవరికి క్యాన్సర్ వచ్చినా, పైసలు లేనోళ్లకు, లక్డీకాపూల్ కాడి ఎంఎన్‌జే ఆస్పత్రే దిక్కు కదా, ఆ ఎంఎన్‌జే ఈయనే. తర్వాత 1960ల గుజరాత్ కి మొట్టమొదటి గవర్నర్ అయ్యిండు. మా అమ్మ వాళ్ల అక్కను ఆ ఆస్పత్రికి తీస్కపోయి నెలల తరబడి వరండాల పండుకున్నది, ఎంఎన్‌జే అంటే మనిషి పేరని ఆ రోజే తెల్సింది ఆమెకు. కార్ల కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత ఆయన గురించి డ్రైవరన్నను ఇంకా ఇంకా అడిగింది.

అవ్వకు మాత్రం ఒకటే పట్టు, మరి మావోళ్లు ఏడికి పోయిన్రు అని. ఆయన దాటేయకుండ చెప్పిండు, జాగలకు రేటు వచ్చినంక ముందుగాల ఉన్నోళ్లు అంచులకు పోయిన్రు, బస్తీలల్ల కలిసిపోయిన్రు, పేరు మాత్రం కొండ మీద మిగిలింది అని. అక్కడి నుంచి రోడ్ నంబర్ 10ల సేవాలాల్ బంజారా భవన్ కాడికి తీస్కపోయిండు, దాని పక్కన్నే కుమురం భీం ఆదివాసీ భవన్, రెండూ 2022 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన్రు. అవ్వ సేవాలాల్ పేరు చూసి గేటు కాడనే దండం పెట్టుకున్నది. మా దోస్తు దేవరకొండ దిక్కు తండాల పెరిగినోడు, సిటీల చదువుకున్నోడు, రోడ్ నంబర్ 1ల వెయ్యిసార్లు తిరిగిన గని ఈడికి ఎన్నడు రాలేదన్నడు. ఈ ఒక్క స్టాప్ కోసం అయినా ఈ ట్రిప్ నల్లగొండ, పాలమూరు తండాల పిల్లలకు చూపియ్యాలె అని నా గట్టి అభిప్రాయం.

టీ కోసం లామకాన్ కాడ ఆపిండు, గలీల లోపల్కి ఉంటది, తెలిసినోళ్లు తీస్కపోతే తప్ప దొరకదు. మొయీద్ హసన్ అని ఫొటోగ్రాఫర్ ఉండే ఇల్లు అది, 2010ల వాళ్ల కుటుంబమే నాటకాలకు, మీటింగులకు, పాటలకు అందరికి తెరిచి పెట్టింది. రాతి గోడలు, నీడకు చెట్లు, పెద్ద బండ, అది పాత బంజారాహిల్స్ ఇల్లు ఎట్ల ఉంటుండెనో ఇంక కండ్లార చూడొచ్చు. గంటసేపు కూసున్నా ఎవరూ లేవమనరు. టీ, సమోసా మన రేటుకే దొరుకుతయి, ఆ ఏరియాల అది పెద్ద మాట.

జూబ్లీహిల్స్ కథ వేరే, అది నవాబులది కాదు, సొసైటీది. 1960లల్ల చల్లగళ్ళ నరసింహారావు ముందుండి కోఆపరేటివ్ హౌస్ బిల్డింగ్ సొసైటీ పెట్టిచ్చిండు, దాదాపు 1400 ఎకరాల గుట్టలు. అప్పుడు నీళ్లు లేవు, బస్సు లేదు, రాత్రి నక్కల కూతలు, ప్లాటు తీసుకొమ్మంటే వద్దని పోయినోళ్లున్నరు. మద్రాస్ నుంచి సినిమా ఈడికి రావాలె అని అక్కినేని నాగేశ్వరరావు 1970లల్ల 22 ఎకరాల రాళ్ల గుట్ట మీద అన్నపూర్ణ స్టూడియోస్ కట్టిండు, దాని వెనక పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు, ఫిలింనగర్, అట్లట్ల సినిమావోళ్లు, వాళ్ల వెనక బిజినెస్సోళ్లు, 1988ల అపోలో ఆస్పత్రి. రోడ్ల నంబర్లు మాత్రం ఒక వరుసల లేవు, 36 పక్కన 45 ఏందో, 10 రెండు హిల్స్ ల ఎందుకున్నదో కొత్తోళ్లకు సమజ్ కాదు, ఈయన లేకుంటే మేం గూగుల్ పట్టుకొని అక్కడక్కడ్నే తిరుగుదుము.

ఈ సగంల నాయిన మాట్లాడుడు మొదలుపెట్టిండు. పొద్దున నుంచి వినుకుంట వచ్చినోడు ఒక పాత కాంపౌండ్ గోడ కాడ బండి ఆపమన్నడు. వయసుల ఉన్నప్పుడు మేస్త్రీ కాడ అడ్వాన్స్ తీసుకొని వచ్చి ఈ గుట్టల మీద రాతి పని చేసినోడాయన, మాకు చెప్పిండు గని ఎన్నడు ఇంత వివరంగ చెప్పలే. బండకు వరుసగ బొక్కలు కొట్టి, అండ్ల ఇనుప మేకులు దిగ్గొట్టి, ఒక్కొక్కటి మీద సుత్తె ఏసుకుంట పోతే బండ నిలువున చీలుతదంట. అట్ల చీలిన రాయికి సగం బొక్కలు అంచుల మీద మిగుల్తయి. "ఇగో సూడు" అని ఆ గోడల ఆ సగం బొక్కలు ఏలు పెట్టి చూపిచ్చిండు. ప్లాటుల ఉన్న గుండును పగలగొట్టి ఆ రాయితోనే పునాది, గోడ ఎత్తిన్రు, బయటికెల్లి తెచ్చిన రాయి కాదు. ఆడోళ్లు తట్టలెత్తేటోళ్లు, పిల్లల్ని చెట్టుకు జోలె కట్టి పండవెట్టేటోళ్లు, నీళ్లు కింద బస్తీకెల్లి మోసుకొచ్చేటోళ్లు. డ్రైవరన్న అన్నడు, "కాకా, నేను ఇన్నేండ్లు ఈ గోడల పక్కకెల్లి బండి నడిపిన, ఈ బొక్కలు ఎన్నడు చూడలే, ఇగ నుంచి అందరికి ఈ గోడ చూపిస్త." ఆ మాట నిజంగనే అన్నడు, ఫోన్ల లొకేషన్ పెట్టుకున్నడు.

నాగార్జునసాగర్ కట్టింది పాలమూరు లేబర్ అని అందరం గర్వంగ చెప్పుకుంటం, దేశంల ఏ డ్యాం పునాది తీసినా మనోళ్లు ఉంటరు అంటం. సిటీల ఈ ఖరీదు గల్ల కొండ మీద గూడ మన చెయ్యి ఉన్నదని మాత్రం ఎవరూ చెప్పరు. ఈ ఏరియా చరిత్ర అంటే నవాబు, సొసైటీ, హీరోలు అని మూడు ముక్కలల్ల అయిపోతది, రాయి కొట్టినోడు అండ్ల ఉండడు. ఫిలింనగర్ వెనక బస్తీల ఛాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద మన యాస వినపడ్డది, అడిగితే నారాయణపేట దిక్కోళ్లు, పని కోసం వచ్చి ఆడనే నిలిచిపోయినోళ్లు. కొండ పైన బంగ్లా, కింద బస్తీ, పొద్దున పని మనుషులు, డ్రైవర్లు, వంటోళ్లు పైకెక్కుతరు, మాపు దిగుతరు, ఆ రెండూ కలిపి చూస్తేనే అది పూర్తి ఏరియా. పెద్దమ్మ గుడి కాడ మాత్రం కింది బస్తీ, పై బంగ్లా ఒకటే లైన్ల నిలబడ్తయి, ఆ గుడిని పెద్దగ కట్టిచ్చింది కార్మికుల లీడర్ గ పేరున్న ఎమ్మెల్యే పీజేఆర్.

ఇగ బాగలేనియి. మధ్యాహ్నం తిండికి ఆయన తీస్కపోయిన హోటల్ పేరు రాయను గని మేం పెట్టిన బిల్లుకు ఆ అన్నం సరిపోలే, పప్పు చల్లారిపోయి వచ్చింది, అవ్వ రెండు ముద్దలు తిని పక్కకు పెట్టింది. లంచ్ ఎక్కడ అనేది ముందుగాలనే అడిగి పెట్టుకోవాలె, లేకపోతే ఇంటికెల్లి రొట్టెలు కట్టుకొని పోవుడే మంచిది. రెండోది టైమింగ్. కేబీఆర్ పార్కు కాడికి మిట్టమధ్యాహ్నం తీస్కపోయిండు, అప్పుడు గేట్లు మూసి ఉంటయి, పొద్దున, సాయంత్రమే తెరుస్తరు. 350 ఎకరాలకు పైన అడవి, నెమళ్లు, లోపల నిజాం వంశపోళ్ల చిరాన్ ప్యాలెస్, 1998ల నేషనల్ పార్కు అయ్యింది, పాత సీఎం కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టిన్రు. మనుషులు చెయ్యి పెట్టకముందు ఆ కొండలు ఎట్ల ఉండెనో చూసే ఒకే ఒక్క జాగ అది, దాన్ని బయట ఫుట్‌పాత్ మీదికెల్లి చూసి రావుడు నాకు శానా బాధనిపించింది. అంత మంచిగ చెప్పే మనిషి ఈ ఒక్కటి సరిగ్గ పెట్టుకోకుంటే ఎట్ల.

ఇంకొకటి, పెద్దోళ్లతోటి పోతే ఎక్కుడు దిగుడు ఎక్కువ ఉంటది, రోడ్లన్నీ ఏటవాలు, ఫుట్‌పాత్ శానా చోట్ల లేదు. అవ్వను రెండు స్టాపులకు కార్లనే కూసోబెట్టినం. సాయంత్రం రోడ్ నంబర్ 45 మీదికెల్లి దుర్గంచెరువు కేబుల్ బ్రిడ్జి ఎక్కిచ్చిండు, లైట్లు బాగుంటయి, పిల్లలకు నచ్చుతది, 2020ల మొదలైంది. గోల్కొండ కోటకు తాగే నీళ్లు ఇచ్చిన చెరువంట అది, ఆ ముక్క ఇంకొంచెం చెప్తే బాగుండు గని ట్రాఫిక్ ల ఆపే జాగ లేదు.

అయిదుకు నాలుగు ఇస్తున్న. పోదామనుకునేటోళ్లు పొద్దున నాలుగింటికే బయలెల్లి కేబీఆర్ పార్కు ఫస్టు పెట్టుమని అడుగున్రి, తర్వాత రోడ్ నంబర్ 10, టీకి లామకాన్, ఎండ ఎక్కకముందు పాత గోడ, చివరికి పెద్దమ్మ గుడి. ఆదివారం పోతే ట్రాఫిక్ తక్కువ. ఇంట్ల రాతి పని, మట్టి పని కోసం సిటీకి పోయి వచ్చిన పెద్ద మనిషి ఎవరన్న ఉంటే ఆయన్ని ముందు సీట్ల కూసోబెట్టున్రి.