పిల్లలకు ఫిలాసఫీ: చిన్న కథతో మొదలుపెట్టాలా, పెద్ద పుస్తకంతోనా?

పిల్లలకు తత్వశాస్త్రం పరిచయం చేయాలంటే ఏ పుస్తకం ఇవ్వాలని తల్లిదండ్రులు, టీచర్లు తరచూ అడుగుతుంటారు. ఎక్కువమంది మూడింటి మధ్య తేల్చుకోలేకపోతారు: తత్వవేత్తలందరినీ పరిచయం చేసే పెద్ద నవల, తరగతిలో చర్చ కోసం రాసిన నవల, ఊహాలోకపు చిన్న కథలు. పదేళ్లకు అటూ ఇటూ ఉన్న పిల్లలకైతే నా ఓటు చిన్న కథకే.

పెద్ద నవల అనగానే అందరికీ గుర్తొచ్చేది 1991లో నార్వేలో వచ్చిన ‘సోఫీస్ వరల్డ్’. పదిహేనో పుట్టినరోజు దగ్గరపడుతున్న అమ్మాయికి ఉత్తరాలొస్తాయి. నువ్వెవరు, ఈ ప్రపంచం ఎక్కణ్ణుంచి వచ్చింది అని వాటిలో ఉంటుంది. అక్కడ మొదలైన పాఠాలు సోక్రటీస్ కంటే ముందువాళ్ల నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా సాగుతాయి. ఎవరి తర్వాత ఎవరొచ్చారో, ఎవరి వాదానికి ఎవరు బదులిచ్చారో ఒక వరసలో తెలుస్తుంది. చిన్న కథల్లో ఈ వరస దొరకదు. కానీ పాఠాలు పొడుగు. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రంలో చిన్నపిల్లలు వాటిని దాటేస్తారు. పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చాక ఇస్తే బాగా పట్టుబడుతుంది.

రెండో రకానికి దారి వేసింది అమెరికన్ తత్వవేత్త మాథ్యూ లిప్‌మన్. 1974లో వచ్చిన ఆయన నవలలో హ్యారీ అనే కుర్రాడు తరగతిలో పరధ్యానంగా ఉంటాడు. పొడవాటి తోకతో 77 ఏళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టివచ్చేది ఏమిటని టీచర్ అడుగుతాడు. గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ తిరుగుతాయి కదా, అందుకని హ్యారీ ‘గ్రహం’ అనేస్తాడు. జవాబు తోకచుక్క. అందరూ నవ్వుతారు. తన తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లి, అలాంటి వాక్యాన్ని ‘సూర్యుడి చుట్టూ తిరిగేవన్నీ గ్రహాలే’ అని తిరగేస్తే నిజం అబద్ధమైపోవచ్చని తనంతట తనే కనిపెడతాడు. తర్కాన్ని ఇంత సహజంగా మొదలుపెట్టడం గొప్ప పని. స్నేహితుడి మాటను కొట్టిపారేయకుండా ఎలా కాదనాలో కూడా అలాంటి పుస్తకాలే బాగా నేర్పిస్తాయి. టీచరు, ఓ పదిమంది పిల్లలు, వారానికో పీరియడ్ ఉంటే దీన్ని మించింది లేదు. ఇంట్లో ఒక్కరే కూర్చుని చదివితే మాత్రం చప్పగా అనిపిస్తుంది.

చిన్న కథకే ఎందుకు మొగ్గుతున్నానంటే, అది మొత్తం పిల్లల తలలో పడుతుంది. అలా పట్టిన కథలో ఒక్క విషయం మార్చి, మళ్లీ ఆలోచించవచ్చు. నా లెక్కలో ఫిలాసఫీ మొదలయ్యేది అక్కడే.

ప్లేటో ‘రిపబ్లిక్’లో వచ్చే ఉంగరం కథే తీసుకోండి. గొర్రెల కాపరికి ఒక ఉంగరం దొరుకుతుంది. దాని రాయి ఉన్న వైపును అరచేతి లోపలికి తిప్పితే అతను ఎవరికీ కనబడడు. ఆ బలంతో రాజును చంపి రాజ్యం కాజేస్తాడు. కథ చెప్పిన గ్లాకన్ ఊరుకోడు. అలాంటివి రెండుంటే, ఒకటి మంచివాడికి, ఒకటి చెడ్డవాడికి ఇస్తే ఇద్దరూ ఒకే పని చేయరా అంటాడు. చూశారా, మార్చిందల్లా ఒక్కటే. దాంతో ‘దొంగతనం తప్పు’ అన్న పాఠం కాస్తా ‘ఎవరూ చూడనప్పుడు మంచిగా ఎందుకుండాలి’ అన్న ప్రశ్నయింది. ఈ కథ విన్న ఒక పాప నన్ను అడిగింది, “ఉంగరం తన దగ్గరుందని అతనికి తెలియకపోతే?” అని. తనకు తెలియకుండానే మాయమైనవాడు చేసే మంచికి విలువ ఎక్కువా తక్కువా అని ఆ పూటంతా మాట్లాడుకున్నాం.

భేతాళ కథల్లో తలలు తారుమారయ్యే కథ ఉంది కదా. తలలు తెగి చనిపోయిన ఇద్దరికీ ప్రాణాలు తిరిగొచ్చే తొందరలో ఒక ఇల్లాలు భర్త తలను తన సోదరుడి మొండానికి, సోదరుడి తలను భర్త మొండానికి అతికిస్తుంది. వీళ్లలో భర్త ఎవరు? శరీరానికి తలే ముఖ్యం కాబట్టి భర్త తల ఉన్నవాడేనని రాజు చెప్పేస్తాడు. పిల్లలకు చదివేటప్పుడు రాజు నోరు తెరిచే ముందే ఆపండి. వాళ్లు తేల్చుకున్నాక, ‘తలలు కాదు, జ్ఞాపకాలు మాత్రమే మారితే?’ అనండి. ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ 1694లో తన పుస్తకం రెండో కూర్పులో వేసిన చిక్కు దాదాపు ఇదే. రాకుమారుడి ఆత్మ, తన జ్ఞాపకాలన్నిటితో, చెప్పులు కుట్టేవాడి శరీరంలోకి వస్తే అతను ఎవరవుతాడు? లాక్ పేరు తెలియకుండానే పదేళ్ల పిల్లలు ఈ చర్చలోకి దిగుతారు. పేరు తర్వాత చెప్పినా నష్టం లేదు.

పెద్ద నవలలో ఇలా ఒకటి మారిస్తే వెనకాల వంద మార్చాలి. తత్వవేత్తల జీవితాల్లో మార్చడానికి ఏమీ ఉండదు, అవి జరిగినవి. నీతికథ ఇంకా కష్టం. జవాబు ముందే నిర్ణయించి దానికి తగ్గట్టు కథ అల్లుతారు కాబట్టి, ఒక్క పోగు లాగినా ‘అలా కాదమ్మా’ అని పెద్దవాళ్లే అడ్డుపడతారు. నీతికథలు మానమనడం లేదు, వాటి పని వేరు.

కామిక్స్, వీడియోలు, ప్రశ్నల కార్డులు కూడా ఉన్నాయి. చదవడం ఇష్టపడని పిల్లలకు పనికొస్తాయి, అంతే.

చిన్న కథలన్నీ మంచివేం కావు. కొన్నింటిలో పాత్రలుండవు, వాదాలకే పేర్లు తగిలించి నడిపిస్తారు. కొనేముందు ఒక్కటి చూడండి: చివరి ప్రశ్న తీసేసినా అది కథలా నిలబడుతోందా? నిలబడితే తీసుకోండి. ఇంకో ఇబ్బందీ ఉంది. ఈ కథలకు పక్కన పెద్దవాళ్లు కావాలి. పుస్తకం చేతిలో పెట్టి మన పని మనం చూసుకుంటే చాలామంది పిల్లలు ‘బావుంది’ అని మూసేస్తారు. రోజూ కూర్చునే తీరిక లేని ఇంట్లో, పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే, నవలే నయం. తీరిక ఉంటే ముందు మీరొకసారి చదువుకుని, ఎక్కడ ఆపాలో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. ఒక పూటకు ఒక కథే చదవండి, ఒక మార్పే అడగండి. రెండో మార్పు అడగడం పిల్లలకు వదిలేయండి.