బొద్దింకల జెల్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఫిప్రోనిల్ అనే పురుగుమందు 0.05 శాతం ఉన్న, సిరంజిలో వచ్చే జెల్‌ని వంటింట్లో నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఇంట్లోవాళ్లు సొంతంగా వాడుకోగల మందుల్లో చిన్న బొద్దింకలకు ఇంతకంటే గట్టిది నాకు దొరకలేదు. ఒకే ఒక్క షరతు: జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకూడదు.

కొనేముందు మీ ఇంట్లో తిరిగేది ఏ రకమో చూసుకోండి. సెంటీమీటరున్నర దాటకుండా, లేత గోధుమరంగులో, తల వెనక రెండు నల్ల గీతలు పక్కపక్కన ఉంటే అది జర్మన్ బొద్దింక. దాని కాపురమంతా ఇంట్లోనే: ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో, మిక్సీ అడుగున, కబ్బోర్డు కీళ్ల సందుల్లో. జెల్ బాగా పనిచేసేది దీని మీదే. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవుతో, ఎర్రగా మెరుస్తూ రాత్రిళ్లు బాత్రూంలో కనబడేది మోరీల్లోంచి వచ్చేది. దానికి జెల్ కంటే సన్నకన్నాల జాలీ, సింకు పైపు చుట్టూ ఉన్న సందు పూడ్చడం మేలు.

ఎక్కడ పెట్టాలో బొద్దింకలే చెబుతాయి. రాత్రి లైట్లు ఆర్పిన గంటకు టార్చి వేసి చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రవ్వలు కనబడితే అవి వాటి రెట్టలు, గూడు ఆ పక్కనే ఉంటుంది. చుక్క మినపగింజంత చాలు, జానెడుకొకటి. కీళ్ల లోపలి మూల, సొరుగు పట్టాల వెనక, సింకు అడుగున పైపు గోడలోకి వెళ్లే చోట, ఫ్రిజ్ వెనక మోటారు దగ్గర పెట్టండి (మోటారు మీద కాదు, వేడికి ఎండిపోతుంది). మామూలు వంటింటికి ముప్పై నలభై చుక్కలు సరిపోతాయి, అంతా కలిపినా రెండు గ్రాములు దాటదు. టూత్‌పేస్టులా పొడుగ్గా గీత గీసేవాళ్లే ఎక్కువ. అంత మందు దండగ, పైగా పైపొర గట్టిపడితే వాటి నోటికి ఆనదు. సన్మైకా మీద నేరుగా పెడితే మరక పడుతుంది. చిన్న టేపు ముక్క అంటించి దాని మీద పెడితే, ఎండాక ముక్కతో సహా పీకేయొచ్చు.

తిన్న బొద్దింక అక్కడికక్కడే చావదు. గూటికి వెళ్లి చస్తుంది. దాని రెట్టల్ని, శవాన్ని తిన్న పిల్ల బొద్దింకలూ పోతాయి. ఈ మందు గొప్పతనమంతా ఈ ఆలస్యంలోనే ఉంది. పక్కన స్ప్రే కొట్టారంటే ఆ వాసనకు అటువైపే రావు. లక్ష్మణరేఖ చాక్‌పీసు గీసినా అంతే. అందుకే జెల్ పెట్టడానికి రెండు వారాల ముందే స్ప్రే ఆపేసి, ఆ జాగాలను సబ్బునీళ్లతో తుడవండి. స్టవ్ కింద నూనె జిడ్డు, సింకులో ఎంగిలి గిన్నెలు ఉంటే వాటికి జెల్ అక్కర్లేదు, కడుపు నిండా తిండి అక్కడే ఉంది.

వారం పది రోజుల్లో పెద్దవి బాగా తగ్గుతాయి. నెల తిరిగేసరికి పిల్ల బొద్దింకలు మళ్లీ కనబడితే మందు దొంగదనుకుని చాలామంది పారేస్తారు. తప్పు అక్కడే జరుగుతుంది. ఆడది ముప్పై నలభై గుడ్లున్న తిత్తిని వెనక అంటించుకుని, దాదాపు పొదిగేదాకా మోస్తుంది. ఆ రోజుల్లో దాక్కునే ఉంటుంది, తిండికి పెద్దగా బయటికి రాదు. జెల్ గుడ్లను చంపలేదు. అందుకే మూడో వారం చివర పాత చుక్కలు తీసేసి, కొత్తవి పెట్టి తీరాలి. ఈ రెండో విడత మానేస్తే మొదటిది కూడా వృథాయే.

నాకు నచ్చనివి రెండున్నాయి. మొదటిది చీమలు: తీపికి ఎగబడి రాత్రికి రాత్రే చుక్కలు ఖాళీ చేస్తాయి, ముందు వాటి దారి మూయాలి. రెండోది, ఒకే జెల్‌ని ఏళ్లతరబడి వాడితే ముట్టడం మానేసే బొద్దింకలు మిగులుతాయి. ఎరలో తీపి కోసం కలిపే గ్లూకోజును తినని జర్మన్ బొద్దింకల గురించి అమెరికా పరిశోధకులు 1993లోనే ప్రకటించారు. గ్లూకోజు వాటికి చేదుగా తగులుతుందని 2013లో తేల్చారు. కాబట్టి చుక్కలు కొరకకుండా అలాగే ఉండిపోతుంటే ఇంకో కంపెనీది, ఇమిడాక్లోప్రిడ్ అనే వేరే మందు 2.15 శాతం ఉన్నది తెచ్చి చూడండి. మందు ఒక్కటే కాదు, ఎర కూడా మారాలి.

వంటగట్టు మీద, గిన్నెలు తాకే చోట పెట్టకండి. చేపల తొట్టి దగ్గర అసలే వద్దు, ఫిప్రోనిల్ చేపలకు విషం. పెట్టాక చేతులు సబ్బుతో కడగండి, సిరంజి మూత గట్టిగా బిగించి పిల్లలకు అందనిచోట దాచండి. సరుకులొచ్చిన అట్టపెట్టెలు ఇంట్లో పోగేయకండి, ఆ మడతల్లో కూర్చునే కొత్త బొద్దింకలు లోపలికొస్తాయి.