మథారే ఫుట్‌బాల్ పద్ధతా, కిబేరా సర్వీసుల పద్ధతా, ట్రైనింగ్ సెంటరా: ఏది మేలు?

ఉగాదికి కలిసినా వినాయక చవితికి కలిసినా ఇక్కడ నైరోబీలో మనవాళ్ళు నన్ను అడిగేది ఒకటే, "అన్నా, స్లమ్ పిల్లలకి ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఏ యూత్ సెంటర్‌కి ఇస్తే మంచిది?" అని. ఈ మధ్య హైదరాబాద్ నుంచి, డల్లాస్ నుంచి కూడా మెసేజ్‌లు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా. పైగా నేను నెలనెలా పంపే డబ్బు పోయిన నెలే ఒక చోట ఆపేసి ఇంకో చోటికి మార్చా, ఎందుకు మార్చానో కూడా చెప్పాలి కదా.

ముందు మథారే సంగతి, అది నైరోబీలో ఒక పెద్ద స్లమ్. మథారే యూత్ స్పోర్ట్స్ అసోసియేషన్ అని 1987లో మొదలైంది, అందరూ మైసా అంటారు. మొదలుపెట్టింది బాబ్ మన్రో అనే కెనడా ఆయన. పిల్లలు ప్లాస్టిక్ కవర్లు ఉండ చుట్టి తాడుతో కట్టిన బంతితో ఆడుకునే చోట లీగ్ పెట్టారు, అయితే ఒక షరతు మీద: ఆడాలంటే మీ పేటలో చెత్త ఎత్తాలి. మ్యాచ్ గెలిస్తే 3 పాయింట్లు, క్లీనప్ పూర్తి చేస్తే 6 పాయింట్లు, రెండూ కలిపే లీగ్ టేబుల్. అంటే బాగా ఆడే టీమ్ కూడా మురిక్కాలవలో పార పట్టకపోతే పైకి రాలేదు. 1992లో అమ్మాయిల ఫుట్‌బాల్ కూడా మొదలైంది. 1994లో పుట్టిన వాళ్ళ మథారే యునైటెడ్ క్లబ్ 2008లో కెన్యా ప్రీమియర్ లీగే గెలిచింది. స్కూల్ ఫీజు సాయం కూడా బాగా ఆడినందుకు కాదు, చిన్నపిల్లలకి కోచింగ్ ఇవ్వడం, క్లీనప్ నడపడం లాంటి పనులకి పాయింట్లు వేసి ఇస్తారు, డబ్బు నేరుగా స్కూల్‌కే కడతారు.

ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఆట కాదు. ఆ లీగ్‌ల్ని నడిపేది అక్కడి కుర్రాళ్ళే, జోన్ వారీగా వాళ్ళే కమిటీలు ఎన్నుకుంటారు, ఏ గ్రౌండ్‌లో ఎప్పుడు మ్యాచ్, రిఫరీ ఎవరు, గొడవైతే ఏం చెయ్యాలి అన్నీ పదిహేను పదహారేళ్ళ పిల్లలు కూర్చుని తేలుస్తారు. అందుకే నేను ఏ సెంటర్‌కి వెళ్ళినా మొదట అడిగేది "తాళం ఎవరి దగ్గర ఉంటుంది?" అని.

ఎందుకంటే నేను మూడేళ్ళు డబ్బిచ్చిన సెంటర్ ఒకటుంది, పేరు చెప్పను, మంచి బిల్డింగ్, గోడల మీద బొమ్మలు, పదిహేను కంప్యూటర్లు. తాళం మేనేజర్ దగ్గర ఉండేది, ఆయన నాలుగింటికి వేసుకుని వెళ్ళిపోయేవాడు, శని ఆదివారాలు సెలవు. కానీ అక్కడి కుర్రాడు పొద్దున్నే కిబారువా కోసం, అంటే మన అడ్డా కూలీ లాంటి పని కోసం, ఇండస్ట్రియల్ ఏరియాకి నడిచి వెళ్ళి సాయంత్రం ఆరింటికి తిరిగొస్తాడు, వాడికి ఖాళీ దొరికే టైమంతా ఆ గేటు మూసే ఉంటుంది. రెండుసార్లు చెప్పి చూశా, సెక్యూరిటీ ప్రాబ్లమ్ అన్నారు. దానికి ఎదురు సందులో ఒక రేకుల షెడ్డు ఉంది, క్యారమ్ బోర్డు, ఒక బుక్ షెల్ఫ్, గోడకి టీమ్ ఫోటోలు. తాళం అక్కడి పిల్లలే ముగ్గురు వారం వారం మార్చుకుంటారు, రాత్రి తొమ్మిదింటికి కూడా లైటు వెలుగుతూ ఉంటుంది. ఇప్పటిదాకా అక్కడ ఏదీ పోలేదు, ఎందుకంటే పోతే ఎవరిది పోయినట్టో అందరికీ తెలుసు.

2024 ఏప్రిల్‌లో మథారే నది పొంగి ఇళ్ళు కొట్టుకుపోయాయి కదా, ఆ రాత్రి ఏ ఇంట్లో నడవలేని ముసలమ్మ ఉంది, ఏ ఇంట్లో తల్లి నైట్ డ్యూటీకి పోయి పిల్లలు ఒక్కళ్ళే ఉన్నారు అన్నది ఈ షెడ్డు కుర్రాళ్ళకి తెలుసు, ఏళ్ళ తరబడి అవే సందులు ఊడ్చారు కాబట్టి. లైఫ్ జాకెట్లు లేవు, తాళ్ళతో లాగారు. నేను మర్నాడు దుప్పట్లు తీసుకుని వెళ్తే ఎవరికి ఎన్ని కావాలో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుని ఉన్నారు. నా నిర్ణయం మారింది ఆ నోట్‌బుక్ చూశాకే.

ఇక కిబేరా పద్ధతి, అది కూడా నైరోబీలో పెద్ద స్లమ్మే. షోఫ్కో, అంటే షైనింగ్ హోప్ ఫర్ కమ్యూనిటీస్, అక్కడే పెరిగిన కెన్నెడీ ఒడెడె 2004లో ఒక ఫుట్‌బాల్ కొని మొదలుపెట్టింది. అంటే అదీ బంతితోనే మొదలైంది, కానీ తర్వాత దారి వేరు. 2009లో ఆడపిల్లల కోసం ఉచితంగా కిబేరా స్కూల్ ఫర్ గర్ల్స్, దాని చుట్టూ క్లినిక్, మంచినీళ్ళు. కిబేరాలో నేల మీద పైపు వేస్తే కోసేస్తారు, మురుగు కలుస్తుంది, అందుకని వాళ్ళు స్తంభాల మీద గాల్లో పైపులు లాగారు, చూస్తే మన కరెంటు తీగల్లా ఉంటాయి. 2018లో హిల్టన్ హ్యుమానిటేరియన్ ప్రైజ్ వచ్చింది. వీళ్ళ లాజిక్ నాకు చాలా నచ్చింది: ఆడపిల్లల స్కూల్ పక్కనే ఊరందరికీ నీళ్ళు, వైద్యం పెడితే ఆ స్కూల్ మనందరిది అని మగాళ్ళు కూడా కాపాడతారు.

అమ్మాయిల విషయానికొస్తే ఫుట్‌బాల్ పద్ధతి కంటే ఇదే మేలు, ఒప్పుకుని తీరాలి. సాయంత్రం అబ్బాయిలు గ్రౌండ్‌కి పోయే టైమ్‌కి అమ్మాయిలు నీళ్ళ క్యాన్లు మోస్తూనో తమ్ముణ్ణి వీపున కట్టుకుని జీకో అనే బొగ్గు పొయ్యి మీద ఉగాలి, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, వండుతూనో ఉంటారు. నీళ్ళు దగ్గరికొస్తేనే ఆ పిల్లకి ఒక గంట మిగులుతుంది. మీ డబ్బు ప్రత్యేకంగా ఆడపిల్లల చదువుకే పోవాలంటే ఆలోచించకుండా ఈ తరహా సంస్థకే ఇవ్వండి. కానీ ఒకటి, ఇంత పెద్దవైన సంస్థలకి నాలాంటోడు పంపే ఐదు వేల షిల్లింగులు సముద్రంలో చెంబెడు నీళ్ళు, అవే ఐదు వేలు ఆ రేకుల షెడ్డుకి నెల అద్దె, కరెంటు.

ట్రైనింగ్ సెంటర్లు మూడోది. కుట్టుపని, వెల్డింగ్, వైరింగ్, హెయిర్ సెలూన్, ఫోన్ రిపేర్. మనవాళ్ళకి ఎక్కువ నచ్చేది ఇదే, "చేపలివ్వడం కాదు, పట్టడం నేర్పాలి" అంటారు. నిజమే, కానీ రెండు చూసుకోండి. నీటా ట్రేడ్ టెస్ట్, అంటే ఇక్కడి ప్రభుత్వ గ్రేడ్ పరీక్ష, రాయిస్తున్నారా లేక సొంత సర్టిఫికెట్ ప్రింట్ చేసి ఇస్తున్నారా, అదొకటి. కోర్సు అయ్యాక ఏదైనా జువా కాలీ వర్క్‌షాప్‌లో, రోడ్డు పక్క షెడ్లలో పనిచేసే మేస్త్రీల దగ్గర, ఆరు నెలలు పెడుతున్నారా అన్నది రెండోది. నలభై మందికి కుట్టుపని నేర్పి ఒక్కరికీ మిషన్ లేకుండా ఇంటికి పంపిన సెంటర్‌ని చూశాను, ఆ అమ్మాయిల మొహాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

మ్యూజిక్ సెంటర్లూ ఉన్నాయి, కొరొగోచో స్లమ్‌లో డండోరా చెత్తగుట్ట పక్కనే 2008 నుంచి ఘెట్టో క్లాసిక్స్ వాళ్ళు పిల్లలకి వయొలిన్, ట్రంపెట్ నేర్పిస్తున్నారు, వీలైతే ఒకసారి వెళ్ళి వినండి. పాత ల్యాప్‌టాప్‌లు పంపడం అనవసరం, బాగు చేసేవాళ్ళు లేక మూల పడతాయి. పుట్టినరోజు అన్నదానం చేస్తే చెయ్యండి, కాకపోతే పిల్లలకి చపాతీ అందిస్తూ ఫోటోలు మాత్రం తీయకండి.

నేను మాత్రం ఆ రేకుల షెడ్డుకే మార్చేశా. ఎంపెసాలో, అంటే ఇక్కడ ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతిలో, మొదటి నెల డబ్బు పంపిన రోజు సాయంత్రమే ఆ నోట్‌బుక్ కొత్త పేజీ ఫోటో తీసి పంపారు: అద్దె, కరెంటు, రెండు చీపుర్లు, ఒక బంతి, మిగిలింది 340 షిల్లింగులు. కింద ముగ్గురి సంతకాలు, అందులో ఒకటి పదిహేడేళ్ళ అమ్మాయిది, ఈ వారం తాళం ఆమె దగ్గరే ఉంది.