‘నీడలో పెరిగే ఆకుల సెట్’ కొన్నాను, ఆరింటిలో మూడు ఎండ చెట్లే

పోయిన నవంబరులో వానలు రెండు రోజులు తెరిపి ఇచ్చినప్పుడు, తిరుపతి శివార్లలో ఒక నర్సరీకి పోయి ‘నీడలో పెరిగే ఆకుల సెట్’ అని బోర్డు పెట్టి అమ్ముతుంటే కొన్నాను. ఆరు చెట్లు, 650 రూపాయలు, ఇంటికి తెచ్చివ్వడం కూడా అందులోనే. పుదీనా, వామాకు, తమలపాకు, తులసి, కరివేపాకు, నిమ్మగడ్డి. నర్సరీ పేరు రాయను. ఎనిమిది నెలలు పెంచి చూశాక రాస్తున్నా కాబట్టి, కొన్న రోజు సంబరంతో ఐదు చుక్కలు ఇచ్చే రకం రివ్యూ కాదిది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. ఇంటికీ ఉత్తరం వైపు కాంపౌండు గోడకీ మధ్య నాలుగడుగుల సందు ఉంది, చెట్లు పెట్టుకోవడానికి మాకున్న జాగా అదొక్కటే. గేటు దగ్గర, అంటే తూర్పు మూల, పొద్దున ఒక రెండు గంటలు ఎండ వస్తుంది. లోపలికి పోయేకొద్దీ మా మిద్దె నీడే. ఇవన్నీ కౌంటర్లో కూర్చున్నాయనకి వివరంగా చెప్పాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా "నీడకే కద సార్ ఈ సెట్టు పెట్టింది, తీస్కపోండి" అన్నాడు. తీసుకొచ్చాను.

తులసి, కరివేపాకు, నిమ్మగడ్డి మూడూ ఎండ చెట్లు. మా అవ్వను అడిగినా చెప్పేది, నేను బోర్డును నమ్మాను. కరివేపాకు సంక్రాంతి దాకా ఒక్క కొత్త రెమ్మ వేయలేదు, ఉన్న ఆకులే పాలిపోయి రాలాయి. నిమ్మగడ్డి సన్నగా, పొడుగ్గా పెరిగి పక్కకు పడిపోయింది, నలిపి చూస్తే వాసన అంతంతే. ఈ రెండిటి గురించి ఇంతకంటే రాయడానికేం లేదు. మిద్దె మీద ఎండ ఉన్న మా చిన్నమ్మ వాళ్లింటికి పంపించేశాను, అక్కడ కరివేపాకు నెలన్నరలో చిగురు వేసింది.

తమలపాకు మాత్రం ఆ సెట్లో అసలైన బంగారం. తమలపాకు తోటల్లో తీగను అవిశ చెట్ల నీడలోనే కదా పాకిస్తారు, అలాంటిదానికి మా సందు బాగా నచ్చింది. గోడకి ఒక గోనెపట్టా కట్టి తడుపుతుంటే కణుపు కణుపుకీ వేళ్లు దిగి దాన్ని పట్టుకుంది. తొట్టిలో నీళ్లు నిలిస్తే మాత్రం ఊరుకోదు, మొదలు నల్లబడి కుళ్లుతుంది. మాకు ఒక తీగ అలాగే పోయింది, తప్పు నాదే, తొట్టి కింద ప్లేటు పెట్టి ఆ నీళ్లు పారబోయలేదు.

వామాకు, మా వైపు కొందరు కప్పురవల్లి అంటారు, అది కూడా బతికింది. నీడలో ఆకు వెడల్పుగా, పలచగా వస్తుంది, బజ్జీకి అదే బాగుంది. మట్టి పైన రెండు వేళ్ల లోతు ఆరాకే నీళ్లు పోయండి. రోజూ పోస్తే కాడలు మెత్తబడిపోతాయి.

ఇక పుదీనా. దీనికి డబ్బులు పెట్టడమే దండగ. రైతు బజారులో కట్ట కొని, ఆకులు పచ్చడికి తుంచుకుని, ముదురు కాడలు నాలుగు గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి పోగుల్లాగ వేళ్లు వస్తాయి, అది నాటుకుంటే చాలు. నర్సరీ పుదీనా నాటినప్పుడు ఒక సంగతి గమనించాను. నల్ల కవరు కోసి చూస్తే లోపల జిగట మట్టి ముద్ద, ఇటుకలాగ గట్టిగా ఉంది. నీళ్లు పోస్తే పక్కల నుంచి జారి కిందికి పోతున్నాయి, తొట్టి అడుగున తడి, ముద్ద లోపల పొడి. మూడు రోజులు నీళ్లు పోస్తూనే చెట్టు వాడిపోతుంటే పీకి చూశాను, అప్పుడు తెలిసింది. ఆ ముద్దను బకెట్లో అరగంట నానబెట్టి, వేళ్లు తెగకుండా చేత్తో విడదీసి, ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కొబ్బరి పీచు పొట్టు కలిపి మళ్లీ నాటాను. సందు లోపల పెట్టింది కాడలు సాగి, ఆకులు దూరందూరంగా వచ్చాయి. గేటు దగ్గర పెట్టింది గుబురుగా వచ్చింది. అంటే నీడ అంటే నీడ కాదు, పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగలాలి దానికి. ఇంకోటి, పుదీనాను వేరే చెట్టుతో కలిపి నాటొద్దు, పక్క చెట్టుకి జాగా మిగల్చదు.

మే నెలలో అసలు దెబ్బ తగిలింది. చలికాలమంతా ఎండ మొహం చూడని సందులో మధ్యాహ్నం నేరుగా ఎండ దిగింది, తమలపాకు అంచులు మాడాయి, పుదీనా ఒక్క మధ్యాహ్నంలో వేలాడిపోయింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు సగం దాకా మన తిరుపతిలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. అందుకే ఉత్తరం సందు చలికాలంలో చీకటి, ఎండాకాలంలో పెనం. గ్రీన్ నెట్ కట్టాక తేరుకున్నాయి. ఈ ముక్క అమ్మేవాళ్లు ఎవరూ చెప్పరు. మీ జాగా ఎలాంటి నీడో తెలియాలంటే మధ్యాహ్నం అక్కడ చెయ్యి చాపి చూడండి. చెయ్యి నీడ మసగ్గానైనా కనిపిస్తే ఆకుకూరలు పెట్టొచ్చు. అసలు నీడే పడకపోతే పుదీనా మీద కూడా ఆశ పెట్టుకోవద్దు.

చెట్లు వాడిపోయిన ఫోటోలు పంపిస్తే నర్సరీ ఆయన "నీళ్లు ఎక్కువ పోసుంటారు సార్" అని ఒకే జవాబు పెట్టాడు. కరివేపాకుకీ అదే, నిమ్మగడ్డికీ అదే. నేరుగా పోయి అడిగితే ఇంకో పుదీనా చేతిలో పెట్టాడు, అది కూడా అదే మట్టి ముద్దలో.

అయితే ఆ నర్సరీకి పోవద్దని చెప్పను. లోపల పైపుతో నీళ్లు పడుతుండే ఒక అక్క ఉంది. నన్ను చూసి మొదట అడిగిన మాట "పొద్దున ఎండా, సాయంత్రం ఎండా?" అని. ఆ ప్రశ్న కౌంటర్లో అడిగి ఉంటే నాకు సగం డబ్బు మిగిలేది. ఆమే మూలన నీళ్లతొట్టి పక్కన ఉన్న సరస్వతి ఆకు, పొన్నగంటి కూర చూపించింది, రెండూ తడి ఉంటే నీడలో బాగా పాకుతాయి అంది. చెరి 40 రూపాయలకి తెచ్చాను, సందంతా అవే ఇప్పుడు. అల్లం మాత్రం కొనొద్దంది, వంటింట్లో మొలకెత్తిన కొమ్ము పాతిపెట్టమంది. జూన్‌లో పెట్టాను, చిగుళ్లు వచ్చాయి. పోయేవాళ్లు మామూలు రోజు పొద్దున్నే పోండి, ఆదివారం జనంలో ఆమెకి మాట్లాడే తీరిక ఉండదు. చెట్లకి ఐదుకి మూడు, కౌంటర్‌కి ఒకటి, ఆమెకి ఐదు.

తులసి సంగతి మిగిలింది. దాన్ని కూడా చిన్నమ్మకే ఇద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు, "దీపం పెట్టిన చెట్టును ఇంట్లోంచి పంపిస్తారా ఎవరైనా" అని. అందుకని రోజూ పొద్దున ఏడింటికి గేటు దగ్గరికి, ఎండ పోయాక వాకిట్లోకి, తొట్టిని మోసేది నేనే. నడుం నొప్పి వచ్చి చక్రాల స్టాండు తీసుకున్నాను, 350 రూపాయలు. అది కూడా ఆ నర్సరీలోనే.