ఆరేళ్లకు పైగా ఎలాస్టిక్‌సెర్చ్ వాడాక: హీప్ నిండితే ఎక్కడ చూడాలి

మా ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో. మిర్చి, పత్తి వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. బిల్లులు, కోల్డ్ స్టోరేజీ ఎంట్రీలు, సర్వర్ లాగ్‌లు అన్నీ ఎలాస్టిక్‌సెర్చ్ అనే జావా సెర్చ్ ఇంజిన్‌లోనే వెతుకుతాం. 2019లో 6వ వెర్షన్‌తో మొదలుపెట్టాం. 18 డేటా నోడ్‌లు (డేటా ఉండే సర్వర్లు), ఒక్కోదానికి 64 జీబీ ర్యామ్, అందులో 30 హీప్‌కి, అంటే జావా తన పనికి వాడుకునే మెమరీకి. ముందే చెప్తున్నా, మంచి సాఫ్ట్‌వేర్, ఇంకోదానికి మారే ఆలోచన లేదు. కానీ మెమరీ సంగతి తెలియకుండా ఇన్ని నోడ్‌ల క్లస్టర్ నడిపితే నిద్ర ఉండదు.

మాకు దెబ్బ తగిలింది 2021 ఫిబ్రవరిలో. మిర్చి యార్డుకి లక్ష టిక్కీలకు (బస్తాలకు) పైగా వచ్చిన రోజు. పొద్దున పదకొండింటికి ఒక కమీషన్ ఏజెంట్ ఫోన్ చేశాడు: "ఏంది తమ్ముడూ, తేజ రకం అని కొడితే తిరుగుతూనే ఉంది, ఇక్కడ రైతు నిలబడున్నాడు." లాగ్ తెరిచి చూస్తే ఓల్డ్ జనరేషన్ కలెక్షన్ (హీప్‌లో పాతబడ్డ చెత్తను జావా ఊడ్చేసే జీసీ) ఒక్కదానికే 38 సెకన్లు పట్టింది. ముందు 29.1 జీబీ, తర్వాత 28.9. అంతసేపు ఆగి ఖాళీ చేసింది 200 ఎంబీ! అలాంటివి ఒకదాని వెనక ఒకటి వస్తుంటే ఆ నోడ్ పలకడం లేదని క్లస్టర్‌ని చూసుకునే మాస్టర్ నోడ్ దాన్ని తీసేసింది, ఒక నిమిషం చూసి దాని షార్డ్‌లను (ఇండెక్స్ ముక్కలను) మిగతావాటి మీదకు కాపీ చేయడం మొదలుపెట్టింది, వాటి హీప్ కూడా అప్పటికే నిండి ఉండటంతో కాసేపటికి ఇంకో నోడ్ పడిపోయింది.

మేం చేసిన తప్పు అప్పుడే. హీప్‌ని 40 జీబీ చేశాం. ఇంకా అధ్వాన్నమైంది. హీప్ 32 జీబీ లోపు ఉంటే జావా ఒక్కో పాయింటర్‌ని (మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే చిరునామాని) 4 బైట్లలో పెట్టుకుంటుంది, దాటితే 8 కావాలి, కాబట్టి పెంచిన దాంట్లో చాలా భాగం దానికే పోయింది. పైగా లూసీన్ (ఎలాస్టిక్‌సెర్చ్ లోపల వెతికే లైబ్రరీ) ఫైళ్లు హీప్‌లో ఉండవు, ఆపరేటింగ్ సిస్టమ్ డిస్క్ ఫైళ్లను ర్యామ్‌లో ఉంచుకునే పేజ్ కాష్‌లో ఉంటాయి, దానికి మిగలాల్సిన ర్యామ్‌ని మేమే లాగేసుకున్నాం. ర్యామ్‌లో సగానికి మించి హీప్‌కి ఇవ్వొద్దని వాళ్ల డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా ఉంది.

ఇప్పుడు ఎవరు అడిగినా నేను మొదట చూడమనేది హీప్ ఎంత పైకి వెళ్లిందని కాదు, జీసీ అయ్యాక ఎంత కిందికి దిగిందని. గ్రాఫ్ రంపం పళ్లలా పైకి కిందికి వెళ్తుంటే, 75 శాతం దాకా ఎక్కి 40కి దిగుతుంటే, భయం లేదు. మాది 90 కిందికే దిగలేదు. అంటే లోపల ఉన్నది చెత్త కాదు, వాడుకలో ఉన్న సామానే. ఇంటినిండా సామాను ఉంటే చీపురు మార్చి ఏం లాభం? నాలుగు రోజులు జీసీ ఫ్లాగులు మార్చుకుంటూ కూర్చున్నది అందుకే దండగైంది.

హీప్ డంప్ (హీప్‌లో ఉన్నదంతా ఒక ఫైల్‌గా) తీసి ఎక్లిప్స్ మెమరీ అనలైజర్‌లో పెట్టాం (ల్యాప్‌టాప్‌లో తెరుచుకోదు, ర్యామ్ బాగా ఉన్న సర్వర్ కావాలి). దొరికింది ఫీల్డ్‌డేటా (టెక్స్ట్ ఫీల్డ్‌ని సార్ట్ చేయడానికి హీప్‌లోకి ఎక్కించే దాని మాటలన్నీ), నోడ్‌కి దాదాపు 9 జీబీ. వ్యాపారి పేరు టెక్స్ట్ ఫీల్డ్, అంటే మాటలుగా విడగొట్టి వెతికేది. దాని మీద సార్టింగ్ కావాలని మాలోనే ఎవరో ఎప్పుడో ఫీల్డ్‌డేటా ఆన్ చేశారు. అది ఒకసారి హీప్‌లోకి ఎక్కితే, కాష్‌కి మనం సైజు పెట్టకపోతే దానంతటది దిగదు. 6వ వెర్షన్‌లో అది హీప్‌లో 60 శాతం దాటితే బ్రేకర్ (మెమరీ హద్దు దాటకుండా చూసే కాపలా) ఆపుతుంది గానీ మాది 30 దగ్గరే ఉంది కాబట్టి ఏ హెచ్చరికా రాలేదు. పేరుకి కీవర్డ్ (విడగొట్టకుండా మొత్తంగా ఉంచే) సబ్‌ఫీల్డ్ పెట్టి, మేలో యార్డు సెలవుల్లో మొత్తం రీఇండెక్స్ చేశాం. కీవర్డ్ అయితే డాక్ వాల్యూస్ (సార్టింగ్‌కి వాడే విలువలు) డిస్క్ మీద ఉంటాయి, హీప్ జోలికి రావు.

షార్డ్‌ల లెక్క కూడా అప్పుడే సరిచేశాం. రోజుకి నాలుగు ఇండెక్స్‌లు, అప్పటి డిఫాల్ట్ ప్రకారం ఒక్కోదానికి 5 షార్డ్‌లు, రెప్లికాలతో (అదనపు కాపీలతో) రోజుకి 40. ఏడాది డేటా ఉంచితే 14,600, నోడ్‌కి 800 పైనే. హీప్‌లో ఒక్కో జీబీకి 20 మించొద్దని అప్పటి సూచన, అంటే మా 30 జీబీకి 600. రోలోవర్ పెట్టి షార్డ్ 40 జీబీ అయ్యాకే కొత్తది తెరిచేలా మార్చాం.

అదే సెలవుల్లో 7వ వెర్షన్‌కి వెళ్లాం. అసలు ఊరట అక్కడే దొరికింది. నిజంగా వాడుతున్న మెమరీ 95 శాతం దాటితే పేరెంట్ బ్రేకర్ (మొత్తం మెమరీని చూసే బ్రేకర్) ఆ రిక్వెస్ట్‌కి 429 ఎర్రర్ ఇచ్చి వెనక్కి పంపుతుంది, నోడ్ మాత్రం బతికి ఉంటుంది. ఎర్రర్లు వస్తున్నాయని దాన్ని ఆపేద్దామని మా టీమ్‌లో గట్టిగానే అడిగారు, నేను ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోకండి. నాకున్న ఇబ్బంది ఒకటే: ఆ ఎర్రర్‌లో కనిపించేది ఆఖర్న వచ్చిన రిక్వెస్ట్, హీప్ నింపింది వేరేది అయి ఉండొచ్చు. పాపం చిన్న సెర్చ్ దొరికిపోతుంది, పెద్ద రిపోర్ట్ తప్పించుకుంటుంది. స్లో లాగ్‌నీ (ఆలస్యమైన సెర్చ్‌ల లాగ్) నడుస్తున్న టాస్క్‌ల లిస్టునీ పక్కపక్కన పెట్టుకుని వెతకాల్సిందే.

ఇప్పుడు జీసీ తర్వాత హీప్ 45 శాతం దగ్గర ఆగుతోంది. నెలాఖరు రిపోర్ట్ ఒక్కటే ఇంకా లొంగలేదు, జిల్లా, వ్యాపారి, రకం అని మూడంచెల అగ్రిగేషన్ (గుంపులవారీ లెక్క) అది. కాంపోజిట్ అగ్రిగేషన్‌తో ముక్కలుగా చేసి రాత్రి రెండింటికి నడుపుతున్నాం.