తూనీగ ఫొటోకి మాక్రో లెన్స్ మేలా, ఉన్న జూమ్ చాలా?

మాది పర్లాకిమిడి. వానలు వెనకపట్టాక మహేంద్రతనయ ఒడ్డునా, పొలాల మధ్య కుంటల దగ్గరా తూనీగలే తూనీగలు. రెండేళ్ళుగా కెమెరా పట్టుకుని వాటి వెంట తిరుగుతున్నాను, ఇంట్లో వాళ్ళు అడగడం కూడా మానేశారు. మొన్న బరంపురంలో ఉండే స్నేహితుడు తన 100 ఎంఎం మాక్రో లెన్స్ (చిన్న వాటిని బాగా దగ్గర నుంచి పెద్దగా తీసేది) ఇచ్చి ఒక వారం వాడుకోమన్నాడు. అప్పటిదాకా నా దగ్గర ఉన్నది మామూలు కెనాన్ 55-250 ఎస్‌టీఎం జూమ్ ఒక్కటే, ఎప్పటికైనా మాక్రో కొనాలి అని దాని పేరు చెప్పి డబ్బులు కూడా దాస్తున్నాను. వారం తరవాత లెన్స్ తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం పెద్దగా బెంగ అనిపించలేదు. ఎందుకో చెప్తాను. వాడుక భాష కోసం గిడుగు వారు కొట్లాడిన ఊరు మాది, కాబట్టి చెప్పే తీరు కాస్త అటూ ఇటూ ఉన్నా సర్దుకోండి.

మాక్రో లెన్స్ ఇచ్చే బొమ్మ బాగుంటుంది, అందులో వంక పెట్టను. చిక్కల్లా దూరం. ఒకటికి ఒకటి సైజులో, అంటే తూనీగ ఎంత ఉందో కెమెరాలో బొమ్మ పడే పలక (సెన్సార్) మీద అంతే పడేలా తీయాలంటే లెన్స్ ముందు భాగానికీ తూనీగకీ మధ్య జానెడు కూడా ఉండదు. తూనీగ తల అంటే ముప్పాతిక భాగం కళ్ళే, వెనక నుంచి వెళ్ళినా కనిపెట్టేస్తుంది. మొదటి రోజు గంటన్నరలో డెబ్బై దాకా తీస్తే పనికొచ్చినవి రెండు. మోకాళ్ళ దాకా బురదలో పాక్కుంటూ పోతుంటే గట్టు మీద గేదెల్ని కాస్తున్న తాత "ఏటి బాబూ, చేపలేటి?" అన్నాడు. తూనీగలు తాతా అంటే నమ్మలేదు, ఒడియావాళ్ళకి చెప్పినట్టు మళ్ళీ "కంకి" అని చెప్పినా నమ్మలేదు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది, ముందే వేసుకుని ఉంటే మాక్రో కోసం అంత తహతహలాడేవాణ్ణి కాదు. నా కెమెరా సెన్సార్ వెడల్పు 22 మిల్లీమీటర్ల పైచిలుకు. ఒకటికి ఒకటి అంటే ఫ్రేములో పట్టేది కూడా అంతే, 22 మిల్లీమీటర్లు. మన కుంటల దగ్గర తిరిగే తూనీగలు చాలావరకు 4, 5 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి కదా, అంటే మొత్తం తూనీగ కావాలంటే సగం సైజు చాలు, ఒకటికి ఒకటి కావలసింది ఉత్త కళ్ళూ మొహమూ తీయడానికే. 55-250 జూమ్ ఏ సామానూ తగిలించకుండానే 0.29 రెట్ల దాకా వెళ్తుంది, అదీ 85 సెంటీమీటర్ల దూరం నుంచి. ఫ్రేములో తూనీగ అటు చివర నుంచి ఇటు చివర దాకా నిండదు, మూడింట రెండు వంతులు నిండుతుంది, మిగతాది క్రాప్ చేసుకోవచ్చు. పైగా జూమ్ 250 దగ్గర పెడితే వెనక దృశ్యంలో ఇరుకైన ముక్కే ఫ్రేములో పడుతుంది కాబట్టి మనం ఒక అడుగు పక్కకి జరిగితే చాలు, చెత్తగా ఉన్న గడ్డి పోయి నున్నటి పచ్చదనం వస్తుంది.

ఇంకా దగ్గరగా కావాలనుకుంటే జూమ్ ముందు భూతద్దం లాంటి క్లోజప్ లెన్స్ బిగించుకోవడం ఉంది. 2 డయాప్టర్ల (కళ్ళద్దాల పవర్ లాంటి కొలతే) లెన్స్ పెడితే ఫోకస్ అరమీటరు దగ్గర పడుతుంది, 250 దగ్గర సగం సైజు వస్తుంది, సరిగ్గా తూనీగకి కావలసినంత. రేనాక్స్ 150 అనే క్లోజప్ లెన్స్ అయితే 4.8 డయాప్టర్లు, సైజు ఒకటికి ఒకటి దాటిపోతుంది కానీ దూరం 20 సెంటీమీటర్లకి దిగిపోతుంది, మళ్ళీ మొదటి బాధే. నేను మొదట చవగ్గా ఆన్‌లైన్‌లో నాలుగు ముక్కల సెట్టు ఒకటి తెప్పించి మోసపోయాను. అద్దం ఒకటే పొర, ఆకాశం వెనక పెట్టి రెక్కలు తీస్తే ప్రతి ఈనె పక్కనా ఊదా రంగు గీత. కొంటే రెండద్దాలు అతికించి చేసే అక్రోమాట్ రకమే కొనండి. దీంతో ఇంకో ఇబ్బంది ఏమిటంటే అది బిగించి ఉన్నంతసేపూ అరమీటరు దాటితే ఏదీ ఫోకస్ కాదు, పైన లకుముకి పిట్ట వాలినా చూస్తూ ఊరుకోవాలి. మాక్రో లెన్స్‌కి ఆ గొడవ లేదు, దూరం కొండా తీయొచ్చు. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు, ఎక్స్‌టెన్షన్ ట్యూబులు మాత్రం తూనీగకి వద్దు. 36 ఎంఎం ట్యూబు 50 ఎంఎం లెన్స్‌కి పెడితే సైజు 0.72 పెరుగుతుంది కానీ బెత్తెడు దూరానికి పోవాలి, అదే ట్యూబు 250కి పెడితే పెరిగేది 0.14 మాత్రమే.

ఫోకస్ లోతు సంగతి కూడా చూడండి. లెన్స్ లోపలి కన్నం (అపర్చర్) ఎఫ్8 దగ్గర పెడితే ఒకటికి ఒకటిలో స్పష్టంగా వచ్చేది ముప్పాతిక మిల్లీమీటరు కూడా కాదు, సగం సైజులో రెండు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ, 0.29 దగ్గర నాలుగు పైనే. దగ్గరికి పోయే కొద్దీ కన్ను బాగుంటే తోక పోతుంది, తోక బాగుంటే కన్ను పోతుంది. ఏ లెన్స్ అయినా కెమెరాని తూనీగ ఒంటికి సమాంతరంగా పట్టుకోవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

వెలుతురు విషయంలో ఎక్కువ మాట్లాడను. ఫ్లాష్ కన్నా పొద్దున ఏడు ఎనిమిది మధ్య ఎండే నాకు నచ్చుతుంది. ఫ్లాష్ మీద తెల్లటి గుడ్డో కాగితమో అడ్డం పెట్టకపోతే కంటి మీద తెల్ల చుక్క పడి బొమ్మ పాడవుతుంది. చలికాలం పొద్దున్నే మంచు పట్టి కదలలేక కూర్చున్నవి దొరికితే పండగే. ఎండెక్కాక అయితే వెంటపడకండి, చాలా రకాలు ఎగిరిపోయినా మళ్ళీ అదే పుల్ల మీదకి వచ్చి వాలతాయి, పుల్లకి ఫోకస్ పెట్టుకుని కూర్చోండి.

ఇక ఎడిటింగ్. కెమెరా తనే తయారుచేసి ఇచ్చే జేపెగ్ ఫొటోని ఫోన్‌లో స్నాప్‌సీడ్ యాప్‌తో దిద్దుకోవడమా, సెన్సార్ పట్టినదంతా దిద్దకుండా దాచే రా ఫైలు తీసి కంప్యూటర్‌లో కూర్చోవడమా? ఎర్ర తూనీగ తీసేవాళ్ళకి నా మాట రా ఫైలే. స్కార్లెట్ స్కిమ్మర్ అనే ఎర్ర రకంలో మగది నిప్పు కణికలా ఉంటుంది, జేపెగ్‌లో ఎరుపు ఒక్కటే పొంగిపోయి ఒళ్ళంతా ప్లాస్టిక్ ముద్దలా అవుతుంది, తోక మీది కణుపులు కనపడవు. ఫొటోలో వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫు, మామూలు హిస్టోగ్రాం బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, మూడు రంగులూ విడివిడిగా చూపించేది తెరిస్తే అసలు సంగతి బయటపడుతుంది. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి, తరవాత ఎరుపు వెలుగుని కిందికి లాగితే కణుపులు తిరిగి వస్తాయి. రా ఫైళ్ళు దిద్దే సాఫ్ట్‌వేర్లలో లైట్‌రూమ్‌కి నెలనెలా డబ్బు కట్టాలి. డార్క్‌టేబుల్ ఉచితం, నేర్చుకోవడానికి మాత్రం నాకు రెండు నెలలు పట్టింది, మొదటి వారం తిట్టుకున్నాను కూడా.

షార్ప్‌నెస్ స్లైడర్‌ని ఫొటో మొత్తానికి లాగేయడం అందరూ చేసేదే, నేనూ చేశాను. అలా చేస్తే తూనీగతో పాటు వెనక పచ్చదనంలో ఉన్న నాయిస్ (సన్న చుక్కలు) కూడా ఇసక చల్లినట్టు లేచి కూర్చుంటుంది. లైట్‌రూమ్‌లో ఆల్ట్ నొక్కి పట్టుకుని మాస్కింగ్ లాగితే ఎక్కడ పదును పడుతుందో తెల్లగా కనిపిస్తుంది, రెక్కల ఈనెలూ కళ్ళ అంచులూ తెల్లగా మిగిలి వెనకంతా నల్లబడే దాకా లాగి ఆపుతాను.

ఈ మధ్య ఏఐతో చిన్న ఫొటోని పెద్దది చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఒకసారి కామన్ పిక్చర్‌వింగ్ అనే రకం తూనీగ ఫొటో అందులో వేసి చూశాను, వచ్చిన బొమ్మ కళ్ళు చెదిరేలా ఉంది, తీరా పక్కన అసలుది పెట్టుకుని చూస్తే రెక్కలో లేని గళ్ళు అల్లేసింది. గోడకి తగిలించుకోవడానికైతే మీ ఇష్టం. జీవుల ఫొటోలు పెట్టి ఏ రకమో తేల్చుకునే ఐనేచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టే ఫొటోకి మాత్రం వద్దు, అక్కడ తూనీగ ఏ రకమో తేల్చేవాళ్ళు చూసేవాటిలో ఆ ఈనెలు కూడా ఉంటాయి. నాలుగైదు ఫొటోలు కలిపి ఫోకస్ స్టాకింగ్ చేయడం కూడా గాలి కదిలే చోట పెద్దగా కుదరదు, పుల్ల ఊగితే రెక్క రెండుగా వస్తుంది.

కాబట్టి నా డబ్బు ఈ ఏడాది మంచి క్లోజప్ లెన్స్‌కే, మాక్రో దాకా పోను. ఒక్క పనికి మాత్రం మళ్ళీ బరంపురం ఫోన్ చేస్తాను. నీళ్ళలోంచి పిల్ల పైకొచ్చి, పొట్టు విడిచి, తడి రెక్కలు ఆరబెట్టుకునే తూనీగ చాలాసేపు ఎక్కడికీ పోదు, దాని పక్కన జానెడు దూరంలో కూర్చున్నా పట్టించుకోదు. కిందటి నెలలో తెల్లారకుండా వెళ్తే కుంటలో తుంగ మీద ఖాళీ పొట్టు దొరికింది, తూనీగ అప్పటికే ఎగిరిపోయింది.